ఏం చూసుకుని?

పట్టిసం రేవులో ధీమా అన్న మాట ఒంటరిగా వినపడదు. ముందు ఏదో ఒక ఆసరా పెట్టుకునే వస్తుంది. రెండెకరాలు ఉన్నాయన్న ధీమా. పెద్దోడు చేతికందాడన్న ధీమా. ఇంజను కొత్తదన్న ధీమా. ఆసరా ఏమిటో చెప్పకుండా ఎవరైనా రొమ్ము విరుచుకుని మాట్లాడితే పక్కనున్నవాళ్లు ఊరుకోరు. "ఏం చూసుకునిరా నీకంత ధీమా?" అని అక్కడికక్కడే నిలేస్తారు. ఈ మాటకున్న బలమంతా ఆ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం.

మాట ఎక్కడ పుట్టిందో వెతకడం కన్నా, అది ఏ క్రియలతో జతకడుతుందో గమనిస్తే అర్థం బాగా తేటపడుతుంది. ధైర్యం చెబుతాం. ఇంట్లో ఎవరైనా పోతే నలుగురూ వచ్చి ధైర్యం చెప్పి వెళ్తారు. ధైర్యం చేస్తాం కూడా. అప్పు తెచ్చి కౌలుకు దిగినవాడు ధైర్యం చేసినవాడే. భరోసా ఇస్తారు, ఇచ్చేవాడు ఎప్పుడూ అవతలివాడే. అందుకే ప్రభుత్వ పథకాల పేర్లలో అది అంత సులువుగా ఇమిడిపోయింది. ధీమా మాత్రం ఒకరు చెబితే రాదు, ఒకరు చేతిలో పెడితే అందదు. దానికి మనవాళ్లు కట్టిన క్రియ 'చూసుకోవడం'.

తెలుగులో చూసుకోవడం రెండు పనులు చేస్తుంది. ఒకటి, అండగా తలచుకోవడం. అన్నను చూసుకుని రెచ్చిపోతున్నాడు అంటాం. రెండోది, సరిచూడటం. లెక్క చూసుకో, తాళం చూసుకో, బయల్దేరేముందు జేబు చూసుకో అంటాం. ధీమాకు ఈ రెండూ కావాలి. మొదటిది మాత్రమే ఉన్న ధీమా ఒడ్డు మీద ఎన్నాళ్లయినా చెల్లుతుంది. నీళ్ల మీద చెల్లదు. నేనిది నిఘంటువులో కాక పట్టిసం రేవులో నేర్చుకున్నాను కాబట్టి, ఈ వారం ఆ రేవు సంగతే రాస్తున్నాను.

పుస్తకాల్లో పట్టిసీమ అని రాస్తాం గానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది పట్టిసమే. గోదావరి కుడిగట్టున ఊరు. నది నడుమ దేవకూటమనే కొండ, దాని మీద వీరభద్రస్వామి, క్షేత్రపాలకుడిగా భావనారాయణస్వామి. దక్షుడి తల తెగవేసిన పట్టిసమనే ఆయుధాన్ని వీరభద్రుడు ఇక్కడి నీళ్లలో కడిగాడని, ఊరికి ఆ పేరు అలా వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. గుడికి వెళ్లాలంటే పడవ ఎక్కాలి. ఎండాకాలంలో నీరు తగ్గాక ఇసుకలో కాళ్లు కాలుతుండగా చాలా దూరం నడిచి, మిగిలిన పాయను మాత్రం పడవ మీద దాటతాం. శ్రావణంలో అయితే ఆ ఇసుకంతా నీటికిందికి వెళ్లిపోయి, కొండ ఒక్కటే నిలబడి ఉంటుంది. శివరాత్రికి రేవులో కాలు పెట్టే చోటు దొరకదు. ఇన్నిరకాల గోదావరి మీద ఒకే పడవ నడపాలి. ఆ పని చేసేవాణ్ని ఇక్కడ సరంగు అంటారు.

నాకు బాగా చనువున్న సరంగు ఒకాయన ఉన్నాడు. బాబాయ్ అని పిలుస్తాను. పేరు పేపర్లో వెయ్యొద్దన్నాడు, వెయ్యను. పొద్దున్నే రేవులోకి దిగాక ఆయన నేరుగా పడవ దగ్గరికి వెళ్లడు. ఒడ్డున నిలబడి కాసేపు నీళ్లవైపే చూస్తాడు. నీటి రంగు చూస్తాడు. ఆషాఢంలో ఎర్రనీరు దిగిందంటే ఎగువన వానలు బలంగా పడ్డాయన్నమాట. నీటి మీద ఏం కొట్టుకొస్తోందో చూస్తాడు. నురగ, పుల్లాపుడకా ఎక్కువగా వస్తుంటే నది ఇంకా ఎక్కుతోందని లెక్క. ఆ లెక్క సరిచూడటానికి నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వెళ్లి టీ తాగొస్తాడు. వచ్చేసరికి పుల్ల ఎంత మునిగిందో చూస్తే గోదారి వేగం తెలిసిపోతుంది. తర్వాత భద్రాచలంలో ఎన్ని అడుగులుందో ఫోన్‌లో అడుగుతాడు. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ మూడు అంకెలూ ఈ తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందన్న సంగతి, 2022 జులైలో 71.3 దాకా వెళ్లిందన్న సంగతి పెద్దవాళ్లు ఇంటి పెళ్లిళ్ల సంవత్సరాలు చెప్పినంత తేలిగ్గా చెబుతారు. భద్రాచలంలో నిన్నటి నీరు ఇక్కడికి ఎప్పుడు చేరుతుందో బాబాయికి ఒక అంచనా ఉంది. 2021 జూన్ నుంచి నది పోలవరం స్పిల్‌వే మీదుగా పారుతోంది గనక, గేట్ల సంగతి కూడా ఇప్పుడు ఆ అంచనాలో చేరింది. "ఎనకటి లెక్కతో కూర్చుంటే కుదరదబ్బాయ్, గోదారి దారి మార్చారు, మనమూ కొత్తగా నేర్చుకోవాలి" అంటాడు. ముప్పై నలభై ఏళ్లు పడవ మీద ఉన్న మనిషి నోట ఈ మాట వినడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇదంతా అయ్యాకే పడవలోకి దిగుతాడు. తాడు పీచులేచిందేమో వేళ్లతో తడుముతాడు. డీజిల్ చూస్తాడు, ఇంజను చూస్తాడు, చుక్కాని రెండువైపులా తిప్పి చూస్తాడు. అడుగున ఊరిన నీరు తోడిస్తాడు. ఎక్కేవాళ్లను అటు ఇటు సర్ది కూర్చోబెడతాడు. జాకెట్ వేసుకోనంటే పడవ కదలదు. తాడు విప్పాక మాత్రం ఆయన మొహంలో ఏ తొందరా కనపడదు. పాయలోకి వెళ్లగానే ముక్కును కొంచెం ఎగువకు పెట్టి ఉంచుతాడు. ప్రవాహం దిగువకు నెడుతుంది, ఇంజను ముందుకు తీసుకెళ్తుంది, రెండూ కలిసి పడవను అనుకున్న చోటికే చేరుస్తాయి. కొత్తగా ఎక్కినవాళ్లు గుడి అటుంటే ఇతను ఇటు పోతున్నాడేమిటని కంగారుపడతారు. ఎదురుగా గుడికేసి తిన్నగా పెడితే దిగేది కొండకు ఎంతో దిగువన. పెద్ద లాంచీ పోయినప్పుడు లేచే అలకు పక్క చూపించడు, ముక్కు తిప్పి దాన్ని ఎదుర్కొంటాడు. నీటిమీద ముడతలు కనపడే చోట ఇసుక మేట దగ్గర్లో ఉందని, నల్లగా నునుపుగా ఉన్నచోట లోతని, అడుగునుంచి పొంగినట్టు గుండ్రంగా లేస్తుంటే అక్కడ సుడి ఉందని చెబుతాడు. ప్రతి వరదకూ మేటలు జరుగుతాయి. కిందటేటి దారి ఈ ఏడు పనికిరాదు. వరద తగ్గాక నాటు పడవ మీద వెళ్లి గెడ వేసి లోతు చూసుకుంటూ కొత్త దారి వెతుక్కుంటారు.

హిందీలో ధీమా అంటే నెమ్మది. సంస్కృతంలో ధీ అంటే బుద్ధి, అది ఉన్నవాడు ధీమంతుడు. చుక్కాని దగ్గర బాబాయి కూర్చునే తీరు చూసినప్పుడల్లా రెంటి వాసనా మన మాటలో ఉందనిపిస్తుంది.

ఆయన ధీమా నాకు బాగా అర్థమైంది మాత్రం పడవ నడిపిన రోజున కాదు, నడపని రోజున. ఒక కార్తీకమాసం పొద్దున గోదావరి మీద మంచు దట్టంగా దిగింది. ఎక్కడినుంచో బస్సులో వచ్చిన భక్తులు రేవులో ఉన్నారు. దర్శనం చేసుకుని మళ్లీ ఇంకో క్షేత్రానికి పోవాలట. బతిమాలారు, డబ్బు ఎక్కువిస్తామన్నారు, కొంచెం కోపగించుకున్నారు. బాబాయి గొంతు పెంచలేదు. "తియ్యనండి. కొండ కనపడాలి" అని మాత్రం అన్నాడు. వాళ్లలో ఒకాయన ఇన్నేళ్ల అనుభవం ఉండి భయమేమిటని రెచ్చగొట్టబోయాడు. దానికి జవాబు కూడా చెప్పలేదు. ఎండెక్కాక, దేవకూటం మీద గుడి ఆనవాలు కనపడ్డాక, తాడు విప్పాడు. కాదనగలిగిన ఆ నిదానాన్ని ధీమా అనకపోతే మరి దేన్ని అంటాం?

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని మనకు పాత సామెత. మనుషుల కృతఘ్నత గురించి చెప్పడానికి దాన్ని వాడతాం. నాకు మొదటి సగమే ముఖ్యం. ఏరు దాటేదాకా ప్రాణం ఓడమల్లయ్య చేతిలో ఉంటుంది. అంటే మన ధీమా అతని ధీమా మీద ఆనుకుని ఉంటుంది. అతను ఏం చూసుకున్నాడో అదే మనల్ని ఒడ్డుకు చేర్చేది.

ఈ సంగతి రాస్తుంటే 2019 సెప్టెంబరు 15 గుర్తురాకుండా ఉండదు. ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. బోటులో ఉన్నది 77 మంది. బతికి బయటపడింది 26 మంది. ఆరోజు గోదావరిలో సుమారు ఐదు లక్షల క్యూసెక్కులు పారుతోంది. కొండలమధ్య నది ఇరుకై వంపు తిరిగే ఆ చోటంటే పాత సరంగులకు ముందునుంచీ జంకే. ఎక్కినవాళ్లు ఏం చూసుకుని ఎక్కారు? టికెట్టు ఇచ్చారు, బోటు పెద్దది, లోపల కుర్చీలున్నాయి, రోజూ తిరిగేదే కదా. వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. ప్రయాణికుడికి నది చదవడం రాదు. తన బదులు ఎవరో చూసుకున్నారనే నమ్మి ఎక్కుతాడు. అంతకుముందు ఏడాదే, 2018 మే నెలలో, దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర గాలివానకు ఒక లాంచీ మునిగింది. ఏడాదిన్నర తిరక్కుండా రెండోసారి. చూసుకోవలసినవాళ్లు చూసుకోకపోతే దానికి ధర చెల్లించేది ఎప్పుడూ నమ్మి ఎక్కినవాళ్లే. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ రోజు ఒడ్డున ఉన్న తూటుగుంట గిరిజనులు క్షణం ఆలోచించకుండా పడవలేసుకుని వెళ్లి, చేతికందినవాళ్లనల్లా లాగారు. తర్వాత చాలా రోజులు ఆ బోటు నది అడుగునే ఉండిపోయింది. దాన్ని తీసే పనికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చింది. ఇనుపతాళ్లు, లంగర్లు, ప్రొక్లెయినర్, మనుషులు. లంగరు వేసి అడుగును జల్లెడపడితే తాడు తెగింది. మళ్లీ వేశారు. వరద పెరిగితే పని ఆపేశారు. తగ్గాక మళ్లీ దిగారు. గజఈతగాళ్లు నీటిలోకి వెళ్లి బోటుకు తాడు కట్టారు. చివరికి అక్టోబరు 22న అది ఒడ్డుకొచ్చింది. ఆ రోజుల్లో టీవీల ముందు సత్యం మాట్లాడుతుంటే జనం ఆయన ధీమా చూశారా అనుకునేవారు. నా చెవికి అక్కడ నప్పే మాట నిబ్బరం. చూసుకోవడానికి ఏ ఆసరా మిగలనప్పుడు, తాడు తెగినప్పుడు, అడుగున ఏముందో కంటికి కనపడనప్పుడు, అయినా చెయ్యి వణక్కుండా మళ్లీ తాడు పేనుకునే మనిషిలో ఉండేది నిబ్బరం. ధీమాకు ఆధారం కావాలి. ఆధారం పోయాక పనికొచ్చేది నిబ్బరం. ఈ రెండు మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాం గానీ, వేటి చోటు వాటికి ఉంచితే బాగుంటుంది.

భరోసాకూ ధీమాకూ ఉన్న తేడా కావాలంటే బాపు మొదటి సినిమా 'సాక్షి' చూడండి. 1967లో వచ్చింది. గోదావరి సీమలో పులిదిండిలో తీశారు. కథ ముళ్లపూడి వెంకటరమణది. బల్లకట్టు నడుపుకునే పిరికి అమాయకుడు ఒక హత్యను కళ్లారా చూస్తాడు. చూసింది కోర్టులో చెప్పమని ఊరంతా వెన్ను తడుతుంది. చెబుతాడు. హంతకుడు పగ తీర్చుకోవడానికి వచ్చేనాటికి భరోసా ఇచ్చినవాళ్లెవరూ పక్కన ఉండరు. నేను చూశాను అన్న ఒక్క నిజం తప్ప అతనికి వేరే అండ లేదు. కృష్ణ ఆ పాత్ర వేసినప్పటికి ఇంకా కొత్త నటుడు. ఆ బెరుకు మొహం పాత్రకు ఎంత అతికిందో.

పట్టిసానికి కొత్త పేరు తెచ్చింది ఎత్తిపోతల పథకం. 2015 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 24 పంపులు, అన్నీ కలిసి 8,500 క్యూసెక్కులు ఎత్తిపోసి, పోలవరం కుడికాలువ మీదుగా ఏటా 80 టీఎంసీల వరద నీటిని కృష్ణకు పంపాలన్నది ఆలోచన. ఆ ఏడాది సెప్టెంబరు 16న ఇబ్రహీంపట్నం దగ్గర రెండు నదులూ కలిసిన వేడుక చేశారు. కృష్ణా డెల్టాలో నాట్లకు నీళ్ల కోసం ఎదురుచూసే రైతుకు పట్టిసం పంపులున్నాయన్న ధీమా వచ్చింది. ఇటు గోదావరి డెల్టా రైతుకు మాత్రం దాళ్వా పంటకు నీళ్లు చాలతాయా అన్న దిగులు పట్టుకుంది. ఇద్దరిదీ న్యాయమైన మాటే. 1833 కరవును, 1839 కోరంగి ఉప్పెనను చూసిన నేల ఇది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే ఇక్కడి రైతుకు కాలవలో నీళ్లొస్తాయన్న ధీమా పుట్టింది. గట్ల మీద ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ విగ్రహాలకు ఇప్పటికీ దండలు పడటం అందుకే. ధవళేశ్వరం వంటి కట్టడం ఒక తరానికి కాదు, ఏడెనిమిది తరాలకు చూసుకోవడానికి ఆసరా అయింది. పట్టిసం పంపులు నడవాలంటే నదిలో వరద ఉండాలి. రైతుకు ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆసరా ఎంతవరకో తెలిసినవాడి ధీమాయే నిలుస్తుంది.

మన పత్రికలు ఈ మాటకు ఒక అన్యాయం చేశాయి. ఎన్నికలొస్తే 'గెలుపుపై ధీమా వ్యక్తం చేశారు' అని ప్రతి అభ్యర్థి గురించీ రాస్తాం. ఓడినవాడూ ముందురోజు ధీమా వ్యక్తం చేసినవాడే. ఏం చూసుకుని అని ఆ వార్తలో ఒక్క వాక్యం ఉండదు. ఏ ఊళ్లో ఎవరు తన వెంట ఉన్నారని, ఏ పని చేసి చూపించానని అతను అంటున్నాడో అడిగి రాస్తే అదే మంచి వార్త అవుతుంది. అడగడానికి ఏమీ దొరక్కపోతే దానికి బీరమనే పాత మాట ఉంది. ధీమాను వదిలెయ్యొచ్చు. ఈ విషయంలో బీమా ఏజెంట్లు మనకన్నా నయం. బీమా ఉంటే ధీమా అని ప్రాస కోసం అన్నా, ధీమాకు ఆధారం ఏదో ఆ ముక్కలోనే చెప్పారు.

రాజమండ్రిలో ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారవుతున్న పిల్లలతో అప్పుడప్పుడూ మాట్లాడుతుంటాను. వాళ్లందరికీ ఒకటే మంత్రం చెప్పి పంపుతున్నారు, కాన్ఫిడెంట్‌గా ఉండు అని. పాపం, ఎలా ఉండాలో ఆ పిల్లలకు తెలియదు. భుజాలు నిటారుగా పెడతారు, గట్టిగా మాట్లాడతారు, కళ్లలోకి చూస్తారు. గొంతు మాత్రం తడబడుతూనే ఉంటుంది. పల్లెటూరి నుంచి వచ్చిన ఒకమ్మాయి తనకు ఆత్మవిశ్వాసం తక్కువని దాదాపు జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది. నీకు బాగా వచ్చిన పని ఏమిటమ్మా అని అడిగాను. డ్వాక్రా సంఘంలో వాళ్లమ్మ లెక్కలన్నీ తనే రాస్తుందట. ఎవరు ఎంత కట్టారో, వడ్డీ ఎంతో, ఏ నెల ఎవరు ఆలస్యం చేశారో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ పది నిమిషాలూ ఆమె గొంతులో ఒక్క వణుకు లేదు. ఆమెకు లేనిది ఆత్మవిశ్వాసం కాదు. ఆ ఇంటర్వ్యూల్లో చూసుకోవడానికి ఆమెకు ఇంకా ఏమీ దొరకలేదు, అంతే. దొరికేదాకా పక్కనుండి నేర్పాలి. కాన్ఫిడెంట్‌గా ఉండమని చెప్పి పంపేయడం నేర్పడం కాదు.

బాబాయి మనవడికి నేర్పే పద్ధతి చూశాను. వాడికి మొదట చుక్కాని ఇవ్వలేదు. గెడ ఇచ్చాడు. నీరు తక్కువున్న నెలల్లో నాటు పడవ మీద కూర్చోబెట్టి, గెడ దింపి లోతు చెప్పమన్నాడు. చెప్పాక, పైనుంచి నీళ్లు ఎలా కనపడుతున్నాయో చూడమన్నాడు. అలా చాలాకాలం గడిచాక, గెడ దింపకముందే లోతు చెప్పమన్నాడు. చెప్పినదాన్ని గెడతో సరిచూసేవాడు. వాడి మాటా గెడ మాటా కలవడం మొదలయ్యాకే చుక్కాని చేతికిచ్చాడు, అదీ ఖాళీ పడవ మీద. జనం ఉన్న పడవ ఎప్పుడు ఇస్తావని అడిగాను.

"ఆడు నన్ను పడవ ఆపెయ్యమన్న రోజున" అన్నాడు.

పండగల్లో పట్టిసం వెళ్లేవాళ్ల కోసం ఆయన్నొక మాట చెప్పమన్నాను. జాకెట్లు, జనం లెక్క, పిల్లల సంగతి అందరికీ తెలిసినవే చెప్పాడు. తర్వాత ఇంకోటి చేర్చాడు. తాడు విప్పకముందే సరంగును అడగండి, నీళ్లెలా ఉన్నాయి, గాలి ఎటుంది, ఎందరిని ఎక్కిస్తున్నావు అని. పని తెలిసినవాడు ఓపిగ్గా చెబుతాడు, ఎందుకంటే అవన్నీ అతను అప్పటికే చూసుకుని ఉంటాడు. అడిగినందుకు విసుక్కుంటే ఆ పడవ ఎక్కొద్దు, పక్క పడవకు వెళ్లమన్నాడు. పక్క పడవ తనదే అవనక్కర్లేదని కూడా అన్నాడు.